చదరపు అడుగు

గోల్నాక చౌరస్తాల
ఖలీల్ భాయ్ ఫ్లెక్సీ దుకాణంల
పదకొండేండ్ల సంది కంప్యూటర్ ముంగట కూసుంటున్న.
ఎవరి మొఖం ఎంత పెద్దగుండాల్నో
ఎవరి భుజం ఎవరికి తాకొద్దో
నా మౌసుకు ఎరుకే.

పొద్దుగాల విఠలన్న వచ్చిండు.
"ధరలు చూస్తే జనానికి మండాలె చెల్లె.
గ్యాస్ బండ పెట్టు, మీద మంటలు పెట్టు,
ఈ పాపం ఎవరిది? అని రాయి.
అక్షరాలు నెత్తురు కారినట్టుండాలె."
పెట్టిన.

పగటీలి భిక్షపతి సారు వచ్చిండు.
"తగ్గించింది మేమే గదమ్మా, ఎవ్వనికీ యాది లేదు.
గ్యాస్ బండ పెట్టు, దానికో పూలదండ వెయ్యి,
ఈ పుణ్యం ఎవరిది? అని రాయి.
అక్షరాలు నవ్వినట్టుండాలె."
పెట్టిన.

రెండింట్లా ఒక్కటే బండ.
నెట్ల దించింది గాదు,
మా ఇంట్ల పొయ్యి కింద ఉండేది.
అడుగుకు తుప్పు,
మెడకు మా పిల్ల కట్టిన గులాబి రిబ్బను.
ఫోన్ల ఫొటో తీసి, రిబ్బను చెరిపి,
ఒక దాంట్ల కాలవెట్టిన
ఒక దాంట్ల పూజ చేసిన.
అది అప్పటికే మూడొద్దుల సంది ఖాళీ.

మాపటికి ఇద్దరూ ఒక్కపారే దిగిండ్రు.
మిషన్ల ఇంకా ఇంకు తడారలే.
ఇగ షురూ.
ఢిల్లీ అని ఒకరు, హైదరాబాద్ అని ఒకరు,
డాలరని, యుద్ధమని, వానలు పడలేదని,
పడ్డయని.
"ద్రవ్యోల్బణం దిగింది, లెక్కలు చూస్కో!
పెరుగుడు తగ్గింది!" అన్నడు సారు.
పెరుగుడు సంగతి నాకు తెల్వదు.
పెరుగు మాత్రం తగ్గింది.
ప్యాకెట్ అదే, పైసలు అవే,
లోపల యాభై గ్రాములు మాయం.
మా అత్త గిన్నెల వంచి, వంచి,
ప్యాకెట్ చింపి వేలితోని తీసింది.

ఖలీల్ భాయ్ బిల్లు రాసిండు.
"చదరపు అడుగుకు పద్నాలుగు."

చప్పుడు బంద్.
"నిరుడు తొమ్మిదే గద!"
ఎవరన్నరో తెల్వదు,
ఇద్దరి నోట్లకెళ్లీ ఒక్కపారే వచ్చింది.
పదకొండేండ్లల్ల మొదటిసారి
విఠలన్న దిక్కు భిక్షపతి సారు,
సారు దిక్కు విఠలన్న
సొంత తమ్ముని లెక్క చూసుకున్నరు.

"ఇంకు పెరిగింది, కరెంటు పెరిగింది, కిరాయి పెరిగింది,
క్యా కర్నా," అన్నడు ఖలీల్ భాయ్.
"విఠలన్నా, పెరిగినయని మీరే రాయించుకున్నరు.
సారూ, తగ్గినయన్నోళ్లు
తగ్గిన కాడికి పోయి కొట్టించుకోవాలె."

నవ్వుదామనుకున్న.
కనీ ఇద్దరూ ఖాతల రాసుకోమన్నరు,
ఎలక్షన్లయినంక ఇస్తమన్నరు.
పోయిన నెల నేను వెయ్యి పెంచుమని అడిగితే
ఖలీల్ భాయ్ చూపెట్టింది గా ఖాతనే.

నాలుగో దినం గాలివాన కొట్టింది.
కరెంటు స్తంభాలకెళ్లి పాపం పుణ్యం రెండూ
నాలల కొట్టుకొచ్చినయ్.
అంబర్‌పేట సంతల కూరగాయల బుచ్చమ్మ
ఒకటి కడిగి నాలుగు కట్టెలకు కట్టింది,
మొఖాలు కిందికి, టమాటల మీదికి.

"ఇండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?"
"ఈ పాపం ఎవరిది అని."
"ఎవరిదంట?"
"అది రాయలే."
"మరి గింత పెద్దగ ఎందుకు కొట్టిచ్చిండ్రు?"

పావుకిలో ఎంతన్న.
చెప్పింది.
"మొన్న పదిహేనే గద!" అన్న,
అనంగనే నా గొంతు నాకే
వాళ్ల గొంతు లెక్క ఇనవడ్డది.
బుచ్చమ్మ ఏమనలే.
తక్కెడల ఐదు పెట్టింది,
ఒకటి తీసింది,
నా మొఖం చూసి మల్ల పెట్టింది.

పైన ఎండల మా బండ మెరుస్తున్నది.
మంటలు బాగానే కుదిరినయ్.
మెడకాడ రిబ్బను చెరిపిన జాగ మాత్రం
కిందికెళ్లి చూస్తే
ఇంకా గులాబీగనే కనవడుతది.